రెండో గేరు

మిమ్మల్నే అడుగుతున్నాను. షెడ్డు పెట్టినవాళ్లని, షెడ్డుకి బళ్లు తెచ్చేవాళ్లని, షెడ్డు ముందు నుంచి రోజూ పోతూ లోపలికి తొంగిచూసి నవ్వుకుని వెళ్లేవాళ్లని. ఆ మనిషి చేత ఇంజన్లు దింపించారు. గేర్‌బాక్సులు విప్పించారు. తడి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి సైలెన్సర్లు కట్టించారు. తీరా బండి బాగుపడ్డాక తాళం తీసుకెళ్లి ఇంకొకడి చేతిలో పెట్టారు. నడపొద్దని మీలో ఒక్కరూ అనలేదు, నిజమే. నడపమని కూడా ఒక్కరూ అనలేదు. నోటితో అనని దానికి సాక్ష్యం ఉండదని మీ ధీమా. సాక్ష్యం ఉంది. ఎర్ర బండిలో డ్రైవరు సీటు కింద నాలుగు బోల్టులున్నాయి. వాటి సంగతే చెబుతాను, వినండి.

ఎర్ర బండి పళ్ల డాక్టరుది. కొత్తది కాదు. ఇద్దరు ముగ్గురు నడిపి నడిపి వదిలేశాక ఆయన ముచ్చటపడి కొన్నాడు. రెండే సీట్ల కారు, పొడుగాటి ముక్కు, నేలకి జానెడు ఎత్తు. గతుకొస్తే పొట్ట రాసుకుంటుంది. చదువుకునే రోజుల్లో ఆ బండి బొమ్మని మంచం పక్కన గోడకి అంటించుకుని పడుకునేవాణ్ణని చెప్పేవాడు. మంచివాడే. పళ్లు పీకే మనిషికి ఉండాల్సిన మెత్తటి చేతులు, మెత్తటి మాట. కానీ షెడ్డులో అడుగు పెట్టగానే ఆ మాట నేరుగా, ఇంజన్లు దింపే ఆ మనిషి తమ్ముడి దగ్గరికి పోయేది. బండి కింద నుంచి బయటికి కనిపించే రెండు కాళ్లు ఎవరివో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆ కాళ్లు అక్కవి. చేతిలో పానా లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు కాబట్టి వీధంతా పానక్క అనేది. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. షెడ్డు వాళ్ల నాన్నది. బేరాలూ ఫోన్లూ తమ్ముడివి. బాగుచేసిన బండిని బయటికి తీసుకెళ్లి నడిపి చూసే ట్రయల్ కూడా తమ్ముడిదే. ట్రయల్‌కి బయల్దేరేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకునేవాడు. మబ్బు పట్టినా పెట్టుకునేవాడు.

నాన్నకి చెవులు పోయాయి. బతుకంతా ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు పోక ఏం చేస్తాయి. ఇప్పుడు పెద్ద స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని దవడ ఎముకకి నొక్కుకుని వింటాడు. ఎదుట నిలబడ్డ మనిషి గొంతు చించుకున్నా వినపడదు. ఇనుము లోపల బేరింగు గొణిగితే మాత్రం వినపడుతుంది.

ఆయన పెట్టిన రూలు ఒకటి ఆ షెడ్డులో ఉంది. పనిచేసిన మనిషి ట్రయల్ నడపకూడదు. తన తప్పు తనకి వినపడదు. అందుకని ఇంకొకరు నడపాలి, పనిచేసిన మనిషి పక్కన కూర్చోవాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. షెడ్డులో పది మంది పనివాళ్లున్న రోజుల్లో న్యాయమే. ఇవాళ ఒకడు నడిపితే రేపు ఇంకొకడు నడిపేవాడు. ఆ పది మందీ తలో దారి పట్టారు. రూలు మిగిలింది. పనంతా అక్కది కాబట్టి పక్కసీటు ఎప్పుడూ అక్కది. తమ్ముడు పానా ముట్టుకోడు కాబట్టి స్టీరింగు ఎప్పుడూ తమ్ముడిది. పని చేస్తున్నకొద్దీ బండికి దూరమయ్యే ఏర్పాటు ఇది. దీన్ని ఎవరూ కూర్చుని కుట్ర పన్నలేదు. కుట్ర అయితే ఎప్పుడో బయటపడేది.

అలాగని ఆమెకి నడపడం రాదనుకునేరు. గేటు దగ్గర ఆపిన ప్రతి బండినీ లోపలికి తెచ్చేది ఆమే. గోడకీ గోడకీ మధ్య, నూనె డబ్బాలు తప్పించి, అద్దాలు గీసుకోకుండా, చక్రాలు రెండూ, కింద నిలబడి పనిచేసే గొయ్యికి అటూ ఇటూ సరిగ్గా పడేలా ఆపుతుంది. పనయ్యాక వెనక్కి తీస్తుంది. మొదటి గేరు, రివర్సు. అంతే. ఆ ఆవరణలో రెండో గేరుకి చోటు లేదు.

డాక్టరు బండికి వచ్చిన జబ్బు ఆ రెండో గేరే. వేసినప్పుడల్లా కరకరమని పళ్లు నూరేది. తన వృత్తికి తగ్గ జబ్బే వచ్చిందని డాక్టరు తనమీద తనే జోకు వేసుకున్నాడు. పనిలో పనిగా ఇంకొన్ని కోరికలు చెప్పాడు. కొత్త బ్రేకులు, గట్టి స్ప్రింగులు, పందెం బళ్లలో ఉండే బకెట్ సీటు. ఆదివారం పొద్దున ఇలాంటి బళ్లున్న వాళ్లంతా ఒకచోట కలుస్తారట. అక్కడికి ఈ బండి పోవాలి. అన్నిటికీ తమ్ముడు అయిపోతుంది డాక్టరు గారూ అన్నాడు. గొయ్యిలో నిలబడి గేర్‌బాక్సు కింద జాకీ సర్దుతున్న అక్క, ఎప్పటికి అయిపోతుందో లెక్క వేసుకుంది.

బకెట్ సీటుకి ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలుండవు. ఒకసారి ఎక్కడ బిగిస్తే అక్కడే. అందుకని తమ్ముడు డాక్టర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, నడుము నుంచి మడమ దాకా టేపు పట్టాడు. ఆయన నిలువెత్తు మనిషి. ఆ కొలతని అక్క సుద్దముక్కతో గోడ మీద రాసింది. పెద్ద అంకెలతో, ఎవరికైనా కనిపించేలా రాసింది.

మధ్యాహ్నానికి గేర్‌బాక్సు కిందికి దిగింది. బల్ల మీద గోనె పరిచి విప్పింది. లోపల రెండో గేరు దగ్గర ఇత్తడి కడియం ఒకటుంటుంది. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న గేరునీ ఇరుసునీ పట్టి, నెమ్మదిగా ఒక వేగానికి తెచ్చి, అప్పుడు కలుపుతుంది. కడియం అరిగితే కలవవు, కొట్టుకుంటాయి. డాక్టరు బండిలో అది అరిగి నున్నగా మెరుస్తోంది. అక్క దాన్ని బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూసి, చెయ్యి ఖాళీగా లేక మణికట్టుకి తగిలించుకుంది. సరిగ్గా పట్టింది. పక్క షెడ్డు టింకరు, సొట్టలు తీసే మనిషి, గ్రీజు అడుక్కోడానికి వచ్చి అది చూశాడు. చెల్లెమ్మ కొత్త గాజు తొడిగిందే, ఏ కంసాలి చేశాడేంటి అన్నాడు. ఆమె నవ్వి, నీకూ ఒకటి చేయిస్తా, ముందు పోయినసారి తీసుకెళ్లిన గ్రీజు డబ్బా తెచ్చివ్వు అంది.

కొత్త కడియం ఉంది. అది కూర్చునే ఉక్కు కోను, గేరుకే ఉండే ఏటవాలు అంచు, మాత్రం పాతదే. దాని మీద వేలు రాస్తే, గోరుకి తగిలీ తగలనంత గీత ఉంది. మార్చాలంటే గేరు మొత్తం తెప్పించాలి, ఆదివారానికి రాదు. అక్క కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది. గరుకు కాగితం నూనెలో ముంచి, కోను చుట్టూ వేసి, చెప్పు పాలిష్ చేసేవాళ్లలా రెండు చివర్లూ పట్టి లాగింది. గీత కంటికి కనపడకుండా పోయింది. గోరుకి తగిలిందా లేదా అంటే, తగల్లేదనుకుంది. అనుకుంది అంటున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

*

మర్నాడు సాయంత్రానికి గేర్‌బాక్సు మళ్లీ పైకెక్కింది. సీటూ బ్రేకులూ ఇంకా మార్చలేదు. ముందు గేరు సంగతి తేలాలి కాబట్టి ట్రయల్ పెట్టారు. నాన్న కుర్చీ వెనక గోడకి మేకుంది. బళ్ల తాళాలన్నీ దానికే. తమ్ముడు తాళం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అక్క చేతులు తుడుచుకుని, పక్క తలుపు తీసి, సీటు పాడవకుండా కింద పాత గుడ్డ వేసుకుని కూర్చుంది.

ఆ వీధి చివర మూతపడ్డ మిల్లు ఉంది. దాని ఆవరణలో తిన్నటి సిమెంటు రోడ్డు. పగుళ్లలో గడ్డి మొలిచినా రోడ్డు గట్టిదే. వీధిలో షెడ్లవాళ్లంతా బళ్లు అక్కడే పరీక్షిస్తారు. కాపలావాడు తన మేకని పక్కకి లాగి, బండి రంగు చూసే గేటు తీశాడు.

తమ్ముడు ఒక్క తోపుతో బండిని లేపాడు. మొదటి గేరు. ఇంజను గొంతు పెరిగింది. అక్క ఎడమ చెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. తమ్ముడు క్లచ్చు తొక్కగానే ఆమె ఎడమ పాదం నేలని నొక్కింది. తమ్ముడు గేరు రాడ్డుని గుప్పిట పట్టి వెనక్కి లాగాడు. మోకాలి మీద ఆమె అరచెయ్యి వెనక్కి జరిగింది. తనకి తెలియకుండానే అలా జరుగుతుంది. ఏళ్ల తరబడి జరుగుతోంది. తమ్ముడు ఎప్పుడూ చూడలేదు, వాడి కళ్లు రోడ్డు మీద ఉంటాయి కాబట్టి.

రెండో గేరు పడింది. కరకర లేదు. కానీ పడే ముందు, ఊపిరి తీసి వదిలే మధ్యలో ఉండే జాగా లాంటిది ఒకటి ఆమెకి అనిపించింది. చప్పుడు కాదు. చప్పుడుకి ముందుండేది. చెవికి అందేది కాదు, రాడ్డు మీద చెయ్యి ఉన్నవాళ్లకే అందుతుంది.

ఎలా ఉంది అని అడిగింది. వెన్న అక్కా, వెన్నలో వేలు పెట్టినట్టుంది అన్నాడు తమ్ముడు. ఇంకోసారి వెయ్యి, గట్టిగా తొక్కి గబుక్కున వెయ్యి అంది. వేశాడు. ఏమైనా అడ్డు తగిలిందా అంది. గుప్పిట బిగించి బలంగా లాగేవాడికి చిన్న అడ్డు ఎక్కడ తెలుస్తుంది. నీకన్నీ అనుమానాలే అని నవ్వి, మూడో గేరు వేసి, మిల్లు గోడల పక్క నుంచి బండిని ఎగరేసుకుపోయాడు. పొగగొట్టం, కిటికీల్లేని గదులు, తుప్పు పట్టిన రేకులు వెనక్కి పోయాయి. అక్క మెడ సీటుకి ఆనుకుంది. గాలి ఆమె జుట్టులోంచి పోయింది. ఆ హాయి కూడా ఆమెది కాదు. ఇంకొకడి కాలు ఇస్తే వచ్చింది, వాడి కాలు లేస్తే పోయింది.

తిరిగి వచ్చాక నాన్న కళ్లతోనే ఎలా ఉందని అడిగాడు. తమ్ముడు బొటనవేలు పైకెత్తి చూపించాడు. తాళం మేకుకి పోయింది. పక్కసీటు మనిషిని ఆయన అడగలేదు.

*

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరు. తమ్ముడు సామాన్లకి బజారు వెళ్లాడు, నాన్న భోజనానికి ఇంటికి వెళ్లాడు. బండి నాలుగు స్టాండ్ల మీద, చక్రాలు గాల్లో ఉన్నాయి. బ్రేకులు పొద్దున్నే బిగించింది. గట్టి స్ప్రింగులు ఎక్కించింది. గేరు నూనె కారుతోందేమో చూడటానికి ఇంజను స్టార్టు చెయ్యాలి. పాత సీటు పీకేసి ఉంది. బోసి నేల మీద బకెట్ సీటుని ఊరికే ఆనించి, అందులో కూర్చుంది.

సీటు ఆమెని రెండు పక్కలా పట్టుకుంది. ఎవరైనా భుజాల కింద చేతులు వేసి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంజను స్టార్టు చేసింది. మొదటి గేరు వేసింది. క్లచ్చు తొక్కి రెండో గేరు వేసింది. హాయిగా పడింది. ఎందుకు పడదు. చక్రాలు గాల్లో ఉన్నాయి, మొయ్యడానికి బరువు లేదు. నేల మీద బోర్లా పడుకుని ఈత కొట్టినట్టు. మీటరు ముల్లు లేచింది, బండి మాత్రం గ్రీజు డబ్బాల ఎదురుగా ఉన్నచోటే ఉంది. గోడ మీద వెలిసిపోయిన టైర్ల క్యాలెండరు కదలకుండా ఆమెనే చూస్తోంది.

ఆమె కాసేపు అలాగే కూర్చుంది. పెడల్ కొంచెం దూరంగా ఉంటే సీటు కొంచెం ముందుకి లాక్కుంది. వెన్ను ఆనాలి, క్లచ్చు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి, మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. సీటు సరిగ్గా కూర్చుందంటే గుర్తులివే. ఒక్కొక్కటీ చూసుకుంది. అన్నీ కుదిరాయి. ఇంత కుదురుగా ఆమె ఎప్పుడూ ఎక్కడా కూర్చోలేదు. ఇంజను ఆపి, కిందికి వంగి, సీటు కాళ్ల చుట్టూ సుద్దతో గీత గీసింది. దిగి, డ్రిల్లు అందుకుంది.

గోడ మీద డాక్టరు కొలత పెద్ద అంకెలతో ఉంది. తల తిప్పితే కనపడుతుంది. తిప్పలేదు. కావాలని చేసిందా అని మీరు అడుగుతారు. కాదు. మర్చిపోయిందా అంటే, పొద్దున లేస్తే కొలతలతో బతికే మనిషి ఎలా మర్చిపోతుంది. బట్టలు కుట్టేవాడు ఆలోచనలో పడి తన ఒంటికి కత్తిరించినట్టు కత్తిరించింది, అంతే. చెయ్యి ఒప్పుకుంది, కన్ను అటు పోలేదు.

సీటు కింద ఇనుప పలకలు వెల్డింగు చెయ్యడానికి టింకర్ని పిలిచింది. అతను ముసుగు పెట్టుకుని లోపలికి దూరి, సుద్ద గీతలు చూసి ముసుగు పైకెత్తాడు. డాక్టరు ఈమధ్య కురచయ్యాడా ఏంటి చెల్లెమ్మా అన్నాడు. అన్నా, గీసినచోట వెయ్యి, నాకు అవతల సైలెన్సరు పని ఉంది అంది. అతను వేశాడు. నిప్పురవ్వలు రాలాయి. పలకలు చల్లారాక నాలుగు బోల్టులూ ఆమే బిగించింది. చివర్లో పానా టక్కుమనే దాకా, ఇంక తిరగనంత గట్టిగా.

*

శనివారం డాక్టరు పొద్దున్నే వచ్చాడు. చేతుల్లో కొత్త తోలు తొడుగులున్నాయి, వేళ్లు బయటికి కనపడేవి. బండి కడిగి ఉంది. ఎర్ర రంగు మీద షెడ్డు రేకులు తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టాడు. రెండో కాలు పెట్టబోతే మోకాలు స్టీరింగుకి తగిలింది. వెనక్కి జరగబోయాడు. సీటు జరగలేదు. పక్కకి వాలి, నడుము లోపలికి తోసి, ఎలాగో కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ గడ్డం దగ్గరికి వచ్చాయి. అటకమీద దాక్కున్న పిల్లాడిలా ఉన్నాడు.

తమ్ముడు కంగారుగా ఆయన్ని లాగి బయటికి తీసి, తను కూర్చోబోయాడు. వాడూ పొడుగే. కళ్లద్దాలు జారి పెడళ్ల మధ్య పడ్డాయి. అప్పటికి టింకరు గోడ మీద నుంచి చూస్తున్నాడు. సీటు ఎవరి కొలతకి పెట్టారు, కాపలావాడి మేకకా అన్నాడు. డాక్టరు కూడా నవ్వాడు. తమ్ముడు గోడ మీది అంకెలు చూశాడు, టేపు తీసి సీటుకీ పెడల్‌కీ మధ్య పట్టాడు, మళ్లీ గోడ చూశాడు.

“అక్కా, గోడ మీద అంత లావున రాసి ఉంది గదా. ఇది ఎవరి కొలత?”

కుర్చీలోంచి నాన్న లేచి వచ్చాడు. మాటలు వినపడకపోయినా ముఖాలు చదవగలడు. వంగి, తలుపులోంచి చెయ్యి పెట్టి, సీటు అంచు నుంచి క్లచ్చు దాకా జానలతో కొలిచాడు. ఒక జాన, ఇంకో జాన, మీద నాలుగు వేళ్లు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆ చేతిని స్టీరింగు మీదికి తెచ్చి, అక్కడి నుంచి సీటు వీపు దాకా కొలిచాడు. నిటారుగా నిలబడి కూతుర్ని చూశాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆమె వైపు తిరిగారు. నవ్వులు ఆగిపోయాయి. నడివీధిలో మనిషి పెట్టె జారిపడి, లోపల దాచుకున్నవన్నీ దుమ్ములో పడితే చుట్టూ జనం చూస్తారే, అలా చూశారు.

ఆమె చెవులు వేడెక్కాయి. చేతిలో గుడ్డని నలిపింది. అంతకుముందు ఎప్పుడైనా అయితే, అయ్యో నా మతి మండ అని పానా అందుకుని ఉండేది. ఎంత పని. బోల్టులు విప్పి, పలకలు కోసి, వెనక్కి జరిపి, మళ్లీ వెల్డింగు. సాయంత్రానికి అయిపోతుంది. తన ఒంటి గుర్తు బండిలో మిగలదు.

నాన్న చెయ్యి ఊపాడు. జరుపు అని దానర్థం.

ఆమె ఆయన దగ్గరికి వెళ్లి, చెవి వెనక ఎముకకి నోరు ఆనించి గట్టిగా చెప్పింది. చెవిటి మనిషికి చెప్పే మాట షెడ్డంతా వినపడుతుంది. దాని గురించి ఆమె ఆలోచించలేదు.

“జరుపుతాను నాన్నా. ట్రయల్ అయ్యాక జరుపుతాను. నా తప్పు నాకు వినపడదన్నావు. మరి ఇన్నేళ్లూ పక్కసీట్లో కూర్చోబెట్టి విను విను అని నన్నే ఎందుకు పంపావు? వినేది నేనే అయినప్పుడు నడిపితే ఏం పోయింది?”

తమ్ముడు, ఇప్పుడు ఇవన్నీ ఎందుకక్కా, డాక్టరు గారు నిలబడి ఉన్నారు అన్నాడు. ఆమె కుర్చీ వెనక్కి వెళ్లింది. మేకు మీద తాళాల్లోంచి ఒకటి తీసింది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ ఆపలేదు. అంత తేలికా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. ఏళ్ల తరబడి ఆ మేకు ఆమె చేతికి అందే ఎత్తులోనే ఉంది.

సీట్లో కూర్చుంటే సీటు పట్టుకుంది. స్టార్టు చేసింది. పక్క తలుపు తెరుచుకుంది. నాన్న. ముసలి మోకాళ్లు ఒక్కొక్కటే లోపలికి సర్దుకుని, గ్రీజు పట్టిన పాత గుడ్డని తన కింద తనే వేసుకుని కూర్చున్నాడు. అది పనిచేసినవాళ్ల గుడ్డ. ఆయనకి తెలుసు. ఆమె వైపు చూడకుండా, గేరు రాడ్డు మొదట్లో ఉన్న రేకు మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు.

మిల్లు కాపలావాడు బండి రంగు చూసి గేటు తీస్తూ, లోపల మనిషిని చూసి సగంలో ఆగిపోయాడు. తర్వాత మిగతా సగం తీశాడు.

సిమెంటు రోడ్డు ఎదురుగా తిన్నగా ఉంది. మొదటి గేరులో బయల్దేరింది. షెడ్డు ఆవరణ ఎంత పొడుగో అంత దూరం పోయాక ఆమె కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోబోయింది. గోడ రావాలి కదా. గోడ రాలేదు. కాలు వెనక్కి తీసుకుంది. ఇంజను గొంతు పెరిగింది, ఇంకా పెరిగింది. క్లచ్చు తొక్కి, రాడ్డుని గుప్పిట పట్టకుండా, అరచేతి గుంటలో ఉంచి వెనక్కి తెచ్చింది.

రెండో గేరు పడింది. బండి ఒక్కసారి ఊపిరి తీసుకుని ముందుకి సాగింది. వీపు సీటుకి ఆనింది. ఈసారి ఆ తోపు ఆమె పాదంలోంచి వచ్చింది. గడ్డి, సిమెంటు, ఎండ కలిసి ఒకే చారగా కిందికి పోయాయి. కళ్లలో నీళ్లు గాలికి వచ్చాయో ఎందుకు వచ్చాయో, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

కానీ తగిలింది. పడే ముందు, అరచేతి మధ్యలో, బియ్యపుగింజంత అడ్డు. తమ్ముడు వెన్న అన్నాడు. వెన్నే. వెన్నలో చిన్న రాయి.

వేగం తగ్గించి మళ్లీ వేసింది. నెమ్మదిగా వేస్తే లేదు. గట్టిగా తొక్కి గబుక్కున వేస్తే ఉంది. మూడోసారి కూడా ఉంది. కోను. గరుకు కాగితంతో కంటికి కనపడకుండా చేసిన గీత. గోరుకి తగల్లేదనుకున్న గీత. కొత్త కడియాన్ని అది పాతదాన్ని తిన్నట్టే తింటుంది. తన తప్పు. తనకి వినపడింది. పక్కకి చూసింది. రేకు మీద నాన్న అరచెయ్యి కదల్లేదు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయనకీ తెలిసింది.

రోడ్డు ఇంకా సగం మిగిలి ఉంది. పొగగొట్టం దాటాక వెడల్పవుతుంది. అక్కడే తమ్ముడు ఎప్పుడూ మూడో గేరు వేస్తాడు. ఆమె చెయ్యి రాడ్డు మీదే ఉంది. కాలు పైకి లేచింది. బండి నెమ్మదించి, గడ్డి అంచున ఆగింది.

“ఇంకాస్త దూరం పోనీ, అమ్మాయ్,” అన్నాడు నాన్న. చెవిటివాళ్లు మాట్లాడేటంత గట్టిగా కాదు, లోపల్లోపలే.

ఆమె తల అడ్డంగా ఊపి, ఆయన చెవి దగ్గరికి వంగింది. “వద్దు నాన్నా. కోను ఇంకా పాడవుతుంది.”

ముందున్న ఖాళీ రోడ్డుని ఒకసారి చూసింది. సినిమా మధ్యలో పిల్లని లేపి ఇంటికి తీసుకెళ్తుంటే అది మెడ వెనక్కి తిప్పి చూస్తుందే, అలా చూసింది. రివర్సు వేసి తిప్పుకుంది. తిరిగి వచ్చిందంతా మొదటి గేరులోనే.

డాక్టరు గేటు దగ్గరికి ఎదురొచ్చాడు. ఆమె దిగి, తమ్ముడు నోరు తెరిచే లోపు తనే చెప్పింది. గేరు ఇంకా సరిగ్గా లేదు, పాత కోను ఉంచేశాను, తప్పు నాది, గేరు తెప్పించి మళ్లీ విప్పాలి, రేపటికి బండి ఇవ్వలేను. ఆయన ముఖం వాడిపోయింది. తోలు తొడుగులు ఒక్కొక్కటే విప్పాడు. పిప్పిపన్ను మీద తొడుగు వేసి పంపేస్తే నన్నెవరైనా వదిలిపెడతారా అని ఎవరితోనో అన్నట్టు అన్నాడు. అప్పుడు ఆమె ముఖం కేసి చూశాడు. మొదటిసారి. గేరు ఎప్పటికి వస్తుందని తమ్ముణ్ణి కాకుండా ఆమెనే అడిగాడు.

ఆమె బల్ల మీద నుంచి పానా తీసి తమ్ముడికి ఇచ్చింది. వాడి అరచెయ్యి నున్నగా, పానా బరువుకి కిందికి జారింది.

“ఈసారి గేర్‌బాక్సు నువ్వు దించు. దగ్గరుండి చెబుతాను. నువ్వు పనిచేస్తే ట్రయల్ నేను నడపాలి. రూలే కదా.”

వాడు నాన్న వైపు చూశాడు. నాన్న ఇంకా పక్కసీట్లోనే కూర్చుని ఉన్నాడు. దిగలేదు. ఆ రేకు మీద చెయ్యి తియ్యలేదు.

ఇక మీ సంగతి. గేరు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపల మీరు చెయ్యాల్సింది చెయ్యండి. ఆ మేకుని గోడలోంచి పీకెయ్యండి. తమ్ముడి చేతికి గ్రీజు అంటనివ్వండి. లైసెన్సు ఆఫీసు వరసలో ఆమెని నిలబెట్టండి, పక్కన ఎవడో ఒకడు తోడుగా కాదు, ఒక్కదాన్నే. డాక్టరు కొలతకి ఆ సీటు జరుగుతుంది, ఆమే జరుపుతుంది, కానీ కొత్త గేరుతో ట్రయల్ నడిపి ఆమె దిగాక. అప్పటిదాకా ఆ నాలుగు బోల్టుల మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. ఆ రోజు మిల్లు గేటు సగం తీసి ఆగకండి. బార్లా తెరవండి. మూడో గేరుకి చోటు కావాలి.